రంగునీళ్ల ప్రొఫెసర్

పాలిటెక్నిక్‌లో చదివిన ప్రతివాడూ ఆయన పేరు రికార్డు బుక్కులో రాసే ఉంటాడు. ఆయన ఏ ఊళ్లో పాఠం చెప్పాడో మాత్రం ఎవరూ చెప్పరు. మాంచెస్టర్‌లో 37 ఏళ్లు ఇంజనీరింగ్ పాఠాలు చెప్పిన ఆస్‌బర్న్ రెనాల్డ్స్ జీవితం ఇది.

హైడ్రాలిక్స్ ల్యాబ్ అనగానే మాకు మొదట గుర్తొచ్చేది వంకాయ రంగు నీళ్లు. ఓ ఇనుప స్టాండు, దాని మీద నీళ్ల ట్యాంకు, ట్యాంకు నుంచి అడ్డంగా గాజు గొట్టం, పైన చిన్న సీసాలో పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లు. వాల్వు కొంచెం తిప్పితే గొట్టం మధ్యలో రంగు సన్నటి దారంలా సాగేది. ఇంకొంచెం తిప్పితే దారం వణికేది. బాగా తిప్పితే తెగిపోయి గొట్టమంతా రంగు కమ్ముకునేది. స్టాప్‌వాచీ పట్టుకుని, కొలజాడీలో నీళ్లు పట్టి, లెక్క కట్టి, 2000 లోపు వస్తే లామినార్ అనీ, 4000 దాటితే టర్బులెంట్ అనీ రాసేవాళ్లం. మాస్టారి సంతకం పడితే ఆ వారం ప్రయోగం అయిపోయినట్టే. రీడింగులు సరిగ్గా రాకపోతే సీనియర్ల రికార్డు ఉండనే ఉండేది!

రెనాల్డ్స్ నంబరు అని రాశామే గానీ, ఆ రెనాల్డ్స్ ఒక మనిషని, ఆయనకూ ఓ ఊరూ ఇల్లూ ఉంటాయని మాకు తట్టలేదు. పొట్ట చేత పట్టుకుని మాంచెస్టర్ వచ్చాక, సైటు పని మీద ఆక్స్‌ఫర్డ్ రోడ్డు వెంట తిరిగేటప్పుడు తెలిసింది. ఆ గాజు గొట్టం పుట్టింది ఈ రోడ్డు పక్కనే. ఆయన వాడిన అసలు ట్యాంకును మాంచెస్టర్ విశ్వవిద్యాలయం ఇప్పటికీ దాచుకుంది.

ఆయన కథ తెలుసుకోవాలని మాకు పట్టుదల కలగడానికి ఇంకో కారణం ఉంది. ఒక సైటులో కాంక్రీటు పంపు లైను ఆ రోజు మూసుకుపోతుందని మాకు ముందే అనిపించింది. మిక్స్ వాలకం చూస్తేనే తెలిసిపోయింది. చెప్పాం. ఎందుకు మూసుకుపోతుందని అడిగారు. నోరు పెగల్లేదు. చేతికి తెలిసింది కాగితం మీద పెట్టలేకపోయాం. గంట గడవకముందే లైను మూసుకుపోయింది. అది వేరే సంగతి. పని తెలిస్తే చాలదా, పెద్ద చదువు ఎందుకు అని డిప్లొమావాళ్లం మాలో మేం వాదించుకుంటూనే ఉంటాం. ఆ వాదనకు రెనాల్డ్స్ జీవితంలో ఒక సమాధానం దొరికింది.

ముందు వర్క్‌షాపు.. తర్వాతే కేంబ్రిడ్జి

ఆస్‌బర్న్ రెనాల్డ్స్ 1842 ఆగస్టు 23న ఐర్లండ్‌లోని బెల్ఫాస్ట్‌లో పుట్టాడు. తండ్రి పేరూ ఆస్‌బర్న్ రెనాల్డ్సే. ఆయన చర్చి మతగురువు, బడి పంతులు. కేంబ్రిడ్జిలో గణితం చదివినవాడు. పైగా యంత్రాల పిచ్చి ఉన్నవాడు. వ్యవసాయ పనిముట్లకు మెరుగులు దిద్ది పేటెంట్లు కూడా తీసుకున్నాడు. తర్వాత ఆ కుటుంబం ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ ప్రాంతంలో డెడ్‌హామ్ అనే ఊరికి మారింది. కుర్రవాడికి తొలి గురువు తండ్రే. దైవప్రార్థన, లెక్కలు, మరలూ చక్రాలూ.. అన్నీ ఒకే ఇంట్లో దొరికాయి.

ఆ రోజుల్లో డబ్బున్న చదువరి కుటుంబాల పిల్లలు నేరుగా కేంబ్రిడ్జికి పోయేవాళ్లు. రెనాల్డ్స్ అలా పోలేదు. 1861లో, 19 ఏళ్ల వయసులో, స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ఎడ్వర్డ్ హేస్ అనే ఇంజనీరు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. ఇనుము కోయడం, బిగించడం, నూనె పూయడం.. చేతులు నల్లబడే పనే. అక్కడ పనిచేస్తున్నప్పుడే ఆయనకు ఒక సంగతి అర్థమైంది. యంత్రం కదలడం కంటికి కనిపిస్తుంది. అలాగే ఎందుకు కదులుతోందో మాత్రం కంటితో తేలదు. దానికి గణితం కావాలి. ఉద్యోగం కోసం తర్వాత మాంచెస్టర్‌కు రాసుకున్న దరఖాస్తులో కూడా ఆయన ఈ ముక్కే చెప్పుకున్నాడు.

అలా వర్క్‌షాపు నుంచి కేంబ్రిడ్జిలోని క్వీన్స్ కాలేజీకి వెళ్లాడు. 1867లో గణితం డిగ్రీ పరీక్షలో ఏడో స్థానంలో నిలిచాడు. కేంబ్రిడ్జి గణితంలో మొదటి తరగతి తెచ్చుకోవడం అప్పట్లో దేశమంతా చెప్పుకునే ఘనత. పట్టా రాగానే మళ్లీ పుస్తకం పక్కనపెట్టి, లండన్‌లో సివిల్ ఇంజనీర్ల ఆఫీసులో చేరాడు. వర్క్‌షాపు, కాలేజీ, ఆఫీసు.. పాతికేళ్లకే మూడు గడపలూ తొక్కాడన్నమాట.

మిల్లుల ఊరికి ఒక మాస్టారు కావాలి

అప్పటి మాంచెస్టర్ ప్రపంచానికంతటికీ నూలు బట్ట నేసిపెట్టే ఊరు. బందరు అద్దకాలనూ మన మగ్గాలనూ దెబ్బతీసిన బట్ట లంకషైర్ ప్రాంతపు మిల్లుల్లోంచే వచ్చింది. మిల్లులుంటే యంత్రాలుండాలి, యంత్రాలుంటే వాటిని చేసే కార్ఖానాలుండాలి. ఇక్కడి పెద్ద ఇంజనీర్లలో విలియం ఫెయిర్‌బెయిర్న్, జోసెఫ్ విట్‌వర్త్ ఇద్దరూ చిన్నప్పుడే పనిలో దిగి నేర్చినవాళ్లు. మరల కొలతలకు 1841లో ఒక ప్రమాణం పెట్టింది ఈ విట్‌వర్తే. పాత ఫిట్టర్లు ఇప్పటికీ విట్‌వర్త్ మర అంటారు. మూడోవాడు చార్లెస్ బేయర్, జర్మనీలో ఒక నేతగాని కొడుకు. డ్రెస్డెన్‌లో సాంకేతిక చదువు చదివి వచ్చి, మాంచెస్టర్ గోర్టన్‌లో రైలింజన్ల కార్ఖానా పెట్టాడు. వాల్తేరు దాకా నడిచిన బెంగాల్ నాగపూర్ రైల్వే తర్వాతి కాలంలో తెప్పించుకున్న భారీ గారట్ ఇంజన్లు ఆ కంపెనీవే.

జర్మనీ, ఫ్రాన్స్‌లలో ఇంజనీరింగ్‌ను కాలేజీలో నేర్పుతుంటే ఇంగ్లండ్‌లో మాత్రం ఎవరో ఒకరి దగ్గర అప్రెంటిస్‌గా చేరడమే దారి. ఇలాగైతే వెనకబడిపోతామని మాంచెస్టర్ పారిశ్రామికవేత్తలకు భయం పట్టుకుంది. జాన్ ఓవెన్స్ అనే వర్తకుడు వీలునామాలో రాసిచ్చిన డబ్బుతో 1851లో మొదలైన ఓవెన్స్ కాలేజీ ఊళ్లో అప్పటికే ఉంది. చందాలు పోగుచేసి అక్కడ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ పదవిని సృష్టించారు. ముందు ప్రకటించిన జీతానికి తగిన మనిషి దొరకలేదు. జీతాన్ని ఏడాదికి 500 పౌండ్లకు పెంచి మళ్లీ ప్రకటన ఇచ్చారు. 1868లో ఆ పదవి పాతికేళ్ల రెనాల్డ్స్‌కు దక్కింది.

పాతికేళ్లవాడికి అంత పెద్ద కుర్చీ ఏమిటని అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. ఆయన మాత్రం 1905లో ఆరోగ్యం చెడి దిగేదాకా ఆ కుర్చీ వదల్లేదు. ఇంకో ఊరికి పోలేదు.

పాఠం అర్థమైతే ఒట్టు!

రెనాల్డ్స్ పెట్టిన పద్ధతి ఇది. వంతెనలు కట్టేవాడైనా, ఇంజన్లు చేసేవాడైనా, గనుల్లో దిగేవాడైనా ముందు అందరికీ ఒకే పునాది ఉండాలి. గణితం, భౌతికశాస్త్రం, మెకానిక్స్. ఆ తర్వాతే ఎవరి శాఖ వారిది. మనకిప్పుడు ఇది మామూలుగా కనిపిస్తుంది. బీటెక్ మొదటి సంవత్సరం అన్ని బ్రాంచీలవాళ్లూ దాదాపు ఒకే సిలబస్ చదువుతారు కదా! అప్పట్లో ఇది కొత్త. పనికొచ్చే చిట్కాలు నేర్పక ఈ లెక్కలెందుకని సణుక్కునే కాలం అది. పట్టా ఇచ్చే అధికారం కూడా ఓవెన్స్ కాలేజీకి మొదట్లో లేదు. డిగ్రీ కావాలంటే లండన్ విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాలి. 1880లో విక్టోరియా విశ్వవిద్యాలయం ఏర్పడ్డాకే సొంత డిగ్రీలు వచ్చాయి.

పద్ధతి బాగుందిగానీ పాఠం మాత్రం కష్టమే. ఆయన దగ్గర చదువుకున్న జె.జె. థామ్సన్ తర్వాత రాసిన జ్ఞాపకాల్లో ఆ తరగతి గది కళ్లకు కడుతుంది. మాస్టారు ఒక్కోసారి క్లాసుందన్న సంగతే మర్చిపోయేవారట. పది నిమిషాలు చూసి పిల్లలు ప్యూన్‌ను పంపేవాళ్లు. ఆయన పరుగున వచ్చి, బల్ల మీదున్న రాంకిన్ పుస్తకం అందుకుని, ఏదో పేజీ తెరిచి, అందులో సూత్రం తప్పని చెప్పి, నిరూపించడానికి బోర్డు వైపు తిరిగేవారు. పిల్లలకు వీపు పెట్టి, తనలో తను మాట్లాడుకుంటూ రాయడం, తుడవడం, మళ్లీ మొదలెట్టడం. గంట అయ్యేసరికి తుడవకుండా మిగిలిన లెక్క ఏం తేల్చేదంటే.. రాంకిన్ రాసిందే సరైనదని!

మామూలు విద్యార్థులకు ఇది నరకమే. కానీ ఒక మనిషి నిజంగా ఆలోచించడం ఎలా ఉంటుందో కళ్లెదుట చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? మాకు పాఠం చెప్పినవాళ్లలో తప్పు రాసి తుడిచినవాళ్లు తక్కువ. రాసుకొచ్చిన నోట్సు చదివేవాళ్లు, మేం రాసుకునేవాళ్లం. అదీ తేడా.

ఎదురు డబ్బు లేక మారిన దారి

థామ్సన్ కథ ఇంకా ఉంది. ఆయన మాంచెస్టర్ చీతమ్ హిల్ కుర్రవాడు. తండ్రిది పుస్తకాల వ్యాపారం. 1870లో, 14 ఏళ్లకే, ఇంజనీరు కావాలని ఓవెన్స్ కాలేజీలో చేరాడు. కాలేజీ తర్వాత రైలింజన్ల కంపెనీలో అప్రెంటిస్‌గా పెట్టాలని తండ్రి ఆలోచన. అప్పట్లో అప్రెంటిస్‌కు జీతం ఇవ్వడం అటుంచి, చేర్చుకున్నందుకు కంపెనీకే ఎదురు డబ్బు కట్టాలి. 1873లో తండ్రి చనిపోయాడు. ఆ డబ్బు కట్టే స్తోమత ఇంట్లో లేదు. స్కాలర్‌షిప్పులు వచ్చే గణితం, భౌతికశాస్త్రం వైపు తిరిగి, 1876లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి వెళ్లాడు. 1897లో ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నాడు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

లోకానికి మంచే జరిగింది. కానీ ఆ ఎదురు డబ్బు కట్టలేక ఆగిపోయి, ఏ ఎలక్ట్రానూ కనుక్కోకుండా గుమస్తాలుగా మిగిలిపోయినవాళ్లు ఎందరుంటారు? ఏజెంటుకు కట్టడానికి పొలం తాకట్టు పెట్టి విమానం ఎక్కిన మాకు ఈ లెక్క వేరే చెప్పాలా?

గాజు గొట్టంలో తెగిన దారం

1880 తర్వాత రెనాల్డ్స్ నీళ్ల మీద పడ్డాడు. అప్పటికే ఒక చిక్కుముడి ఉంది. సన్నటి గొట్టాల్లో నీరు మెల్లగా పోయేటప్పుడు వేగం రెట్టింపు చేస్తే అడ్డుకునే శక్తీ రెట్టింపు అవుతుంది. పెద్ద పైపుల్లో మాత్రం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అవే నీళ్లు, రెండు ధర్మాలు! ఎందుకలా? లోపల నీటి నడకే మారిపోతూ ఉండాలని రెనాల్డ్స్ అనుమానం. చూడాలంటే రంగు కలపాలి.

ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ట్యాంకు చేయించాడు. గోడలకు అద్దాలు. లోపల నీళ్లలో మునిగి ఉండేలా గాజు గొట్టం, దాని మూతి సన్నాయి మూతిలా వెడల్పుగా ఉంటుంది. అంగుళం, అరంగుళం, పావంగుళం.. మూడు కొలతల గొట్టాలతో ప్రయోగం. నీళ్లు నింపాక కదలిక పూర్తిగా అణగేదాకా గంటల తరబడి ఆగేవాడు. తర్వాత వాల్వు కొంచెం కొంచెం తిప్పేవాడు.

మేం ల్యాబులో చూసిందే ఆయనా చూశాడు. కాకపోతే మేం చూసి సంతకం పెట్టించుకున్నాం, ఆయన చూసి ఆగలేదు. కలిసిపోయినట్టు కనిపించే రంగును విద్యుత్ మెరుపు వెలుతురులో చూస్తే సుడులు సుడులుగా విడివిడిగా కనిపించింది. నీళ్లు వెచ్చబడితే దారం తొందరగా తెగింది. గొట్టం సన్నదైతే ఆలస్యంగా తెగింది. ఇవన్నీ కలిపి చూస్తే తేలింది ఒకటే. వేగాన్ని గొట్టం వ్యాసంతో హెచ్చవేసి, ద్రవం చిక్కదనాన్ని దాని సాంద్రతతో భాగిస్తే వచ్చేదానితో భాగించండి. మీటర్లూ సెకన్లూ అన్నీ కొట్టుకుపోయి ఉత్త అంకె మిగులుతుంది. ఆ అంకె దాదాపు 2000 దాటేదాకా పైపులో నీరు బుద్ధిగా నడుస్తుంది. దాటాక ఏ చిన్న అదురు తగిలినా చెదిరిపోతుంది. ఏ అదురూ లేకుండా జాగ్రత్త పడితే దాదాపు 13,000 దాకా కూడా దారం తెగకుండా తీసుకుపోయాడు.

ఉత్త అంకె మిగలడమే ఇందులో గొప్ప. నీళ్లా నూనా గాలా, పైపు చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. చిన్న నమూనా మీద ప్రయోగం చేసి పెద్ద ఓడకో విమానానికో లెక్క చెప్పొచ్చు. మన ఇంటి సంగతే చూడండి. 25 మిల్లీమీటర్ల పైపులో మామూలు నీళ్లు సెకనుకు 8 సెంటీమీటర్ల వేగం అందుకుంటేనే అంకె 2000కు చేరిపోతుంది. అంటే కొళాయి పైపుల్లో నీరు బుద్ధిగా నడిచేది చాలా తక్కువ.

1883లో ఈ ప్రయోగాన్ని రాయల్ సొసైటీ అచ్చువేసింది. ఆ అంకెకు రెనాల్డ్స్ తన పేరు పెట్టుకోలేదు. పాతికేళ్ల తర్వాత, 1908లో, జర్మన్ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ ఆ పేరు పెట్టాడు.

నూనె, ఇసుక, నది

ఆ పదేళ్లలో ఆయన చెయ్యి పెట్టిన పనులు చూస్తే ముచ్చటేస్తుంది. అన్నీ పనివాళ్లు రోజూ చూసే విషయాలే.

బేరింగు సంగతి చూడండి. బోషంప్ టవర్ అనే ఇంజనీరు మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం బేరింగులు పరీక్షిస్తున్నాడు. నూనె పోద్దామని పైభాగంలో రంధ్రం చేశాడు. నూనె లోపలికి పోవాల్సింది పోయి బయటికి తన్నుకొచ్చింది. చెక్క బిరడా కొడితే దాన్నీ పైకి నెట్టేసింది. గేజీ పెట్టి చూస్తే, మీదున్న భారం లెక్కకు రావాల్సిన సగటు ఒత్తిడికన్నా ఎక్కువ చూపించింది. ఎందుకో తెలియలేదు. 1886లో రెనాల్డ్స్ గణితంతో చెప్పాడు. తిరిగే ఇరుసు నూనెను ఇరుకు సందులోకి ఈడ్చుకుపోతుంది, ఆ సందులో ఒత్తిడి పుట్టి ఇరుసునే పైకి లేపుతుంది. ఇనుముకు ఇనుము తగలకుండా నూనె పొర మీద తేలుతూ తిరుగుతుందన్నమాట. నేటి టర్బైన్ల బేరింగుల లెక్క అక్కడి నుంచే మొదలు.

ఇసుక మాకు ఇంకా దగ్గరి విషయం. విశాఖ బీచ్‌లోనో సూర్యలంకలోనో తడి ఇసుక మీద అడుగు వేయండి. పాదం చుట్టూ ఇసుక ఒక్కసారి పొడిబారినట్టు కనిపిస్తుంది. బరువు పడితే నీరు పైకి రావాలి కదా, లోపలికి ఎందుకు పోయింది? దగ్గరగా సర్దుకుని ఉన్న రేణువులను కదిలిస్తే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, ఎక్కితే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి నీరు దిగిపోతుంది. 1885లో రెనాల్డ్స్ దీన్ని రబ్బరు సంచిలో ఇసుక, నీళ్లు నింపి చూపించాడు. పునాదుల కింద ఇసుక ఎలా ప్రవర్తిస్తుందో చదివేవాళ్లు నేటికీ ఈ మాటతోనే మొదలుపెడతారు.

ఇక నది. సముద్రపు ఓడలు నేరుగా మాంచెస్టర్ రావాలని పెద్ద కాలువ తవ్వకానికి 1885లో చట్టం వచ్చింది. కాలువ 1894లో తెరుచుకుంది. మెర్సీ నది ముఖద్వారంలో ఇసుక మేటలు ఎలా మారతాయన్నది అప్పటి పెద్ద తగాదా. రెనాల్డ్స్ ఆ ముఖద్వారాన్ని ఒక తొట్టిలో పెట్టేశాడు. అడ్డంలో 31,800వ వంతు, లోతులో 960వ వంతు. అసలు నదిలో పన్నెండు గంటలు పట్టే ఆటుపోటు తొట్టిలో నిమిషం లోపే అయిపోతుంది. చదునుగా పరిచిన ఇసుక, వేల ఆటుపోట్ల తర్వాత, అసలు నదిలో ఉన్నట్టే పాయలుగా, దిబ్బలుగా మారింది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోనూ, హైదరాబాద్ హిమాయత్‌సాగర్ దగ్గరి ప్రయోగశాలలోనూ ప్రాజెక్టులకు నమూనాలు కట్టి నీరు పారించి చూసే పద్ధతి ఈ దారిలోదే.

కాలేజీలోనే ఇంజన్!

ఇంజనీరింగ్ విద్యార్థికి నిజమైన యంత్రం మీద చెయ్యి పడాలని రెనాల్డ్స్ పట్టుదల. 1887లో విట్‌వర్త్ చనిపోయాక ఆయన ఆస్తిలోంచి వచ్చిన డబ్బుతో కాలేజీలో విట్‌వర్త్ ఇంజనీరింగ్ ప్రయోగశాల వచ్చింది. రెనాల్డ్స్ డిజైన్ చేసిన మూడంచెల ఆవిరి ఇంజన్‌ను ప్రత్యేకంగా కొలతల కోసమే అక్కడ బిగించారు. డిగ్రీ పిల్లలు దాని మీదే నేర్చుకున్నారు. పరిశోధనా దాని మీదే సాగింది.

పక్కనే ఉన్న శాల్‌ఫర్డ్‌లో బీరు తయారీదారు కొడుకు జేమ్స్ జౌల్, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో 1840ల్లోనే కొలిచాడు. 1897లో రెనాల్డ్స్, మూర్‌బీ అనే సహచరుడితో కలిసి ఆ కొలతను ఇంజన్ స్థాయిలో చేశాడు. ఇంజన్ శక్తినంతా నీటి బ్రేకులో కరిగించి, మంచులా చల్లగా ఉన్న నీళ్లను మరిగే దాకా వేడిచేశాడు. నీటి గడ్డకట్టే స్థాయి, మరిగే స్థాయి రెండూ ప్రకృతి పెట్టిన గుర్తులే కాబట్టి మధ్యలో థర్మామీటరు గీతల తప్పొప్పులతో పెద్దగా పని ఉండదు. ఇంటి గదిలో మొదలైన కొలతను కార్ఖానా స్థాయిలో తేల్చడమంటే ఇదే.

డాక్టరేట్ లేని పరిశోధకుడు

బ్రిటన్‌లో పీహెచ్‌డీ అనేది 1917లో ఆక్స్‌ఫర్డ్ మొదలుపెట్టాకే వచ్చింది. కాబట్టి నేడు వేలాది పీహెచ్‌డీలకు పునాది వేసిన ఈ మనిషి థీసిస్ రాసి డాక్టరేట్ తెచ్చుకున్నవాడు కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయం 1884లో గౌరవ పట్టా ఇచ్చింది. రాయల్ సొసైటీ 1877లో సభ్యత్వం, 1888లో రాయల్ మెడల్ ఇచ్చింది.

అంతటి పేరున్నా ఆయన రాసింది పండితులకే కొరుకుడు పడేది కాదు. 1895 నాటి వ్యాసంలో ఆయన ఒక కొత్త ఊహ చేశాడు. వరదలో గోదావరి గట్టున నిలబడితే రెండు కదలికలు కనిపిస్తాయి. మొత్తం నీరు కిందికి పోతూ ఉంటుంది, దాని మీద సుడులు చిందులేస్తూ ఉంటాయి. సగటు నడక వేరు, చిందులు వేరు అని విడదీసి లెక్క రాయొచ్చన్నాడు రెనాల్డ్స్. వ్యాసాన్ని పరిశీలించిన స్టోక్స్, హొరేస్ లాంబ్ ఇద్దరూ మహా గణితవేత్తలే. పూర్తిగా అర్థం కాలేదనే అన్నారు. అయినా రాసినవాడు రెనాల్డ్స్ కాబట్టి అచ్చు వేయమన్నారు. ఈనాడు కంప్యూటర్ మీద విమానం రెక్క చుట్టూ గాలినీ, టర్బైన్‌లో ఆవిరినీ లెక్కించేవాళ్లు ఎక్కువగా వాడేది ఆ సగటు సమీకరణాలే.

ఇంటి విషయంలో ఆయన జీవితం అంత సుఖంగా సాగలేదు. 1868లో పెళ్లి, మరుసటేడే భార్య షార్లట్ మరణం. 1881లో ఆనీ విల్కిన్‌సన్‌ను చేసుకున్నాడు, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. చివరి రోజుల్లో ఆరోగ్యంతో పాటు ఆలోచనా తడబడింది. విశ్వమంతా సన్నటి రేణువులతో నిండి ఉందంటూ 1903లో పెద్ద పుస్తకం రాశాడు. దాన్ని శాస్త్రలోకం అంగీకరించలేదు. ఈసారి బోర్డు తుడిచి మళ్లీ మొదలెట్టే ఓపిక ఆయనకు మిగల్లేదు. 1905లో పదవి విరమించి, 1912 ఫిబ్రవరి 21న సోమర్‌సెట్ ప్రాంతంలోని వాచెట్‌లో కన్నుమూశాడు.

డిప్లొమావాళ్లకు ఆయన చెప్పేదేమిటి?

రెనాల్డ్స్ ఒక్క రోజు కూడా పనిని చిన్నచూపు చూడలేదు. బేరింగూ ఇసుకా పైపూ లేకపోతే ఆయన గణితానికి పనే లేదు. కానీ పని దగ్గరే ఆగిపోలేదు కూడా. ఎందుకు అన్న ప్రశ్న వర్క్‌షాపులో పుట్టింది, జవాబు కోసం చదువు దగ్గరికి నడిచాడు. మా పంపు లైను రోజున మాకు లేనిది ఆ రెండో సగమే.

అయితే నడవడానికి దారి కావాలి, దారి ఖర్చులు కావాలి. రెనాల్డ్స్‌కు చదువుకున్న తండ్రి ఉన్నాడు. థామ్సన్‌కు స్కాలర్‌షిప్పు దొరికింది. చేత్తో పనిచేసి పైకొచ్చిన విట్‌వర్త్‌కు ఈ సంగతి తెలుసు. అందుకే రెనాల్డ్స్ ఉద్యోగంలో చేరిన ఆ 1868లోనే యువకులు చదువుకోవడానికి ఏడాదికి 100 పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్పులు పెట్టాడు. చేతి పని నేర్చి తర్వాత డిగ్రీకి వెళ్లేవాళ్లకు విట్‌వర్త్ పేరిట ఇప్పటికీ స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 2015 నుంచి జీతం తీసుకుంటూనే చదివే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లూ వచ్చాయి. మన దగ్గర డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఇంటి బాధ్యతలతో ఆ పరీక్షకు దరఖాస్తు కూడా పెట్టని వాళ్లం మాలో చాలామందిమి. ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఆ తప్పు చేయొద్దని మా మనవి. అన్నట్టు, ఆ వంకాయ రంగు ప్రయోగం రీడింగులు కూడా సీనియర్ల రికార్డులోంచి ఎక్కించకండి. మీ అంకె ఎందుకు తేడాగా వచ్చిందో అదే అసలు పాఠం.

ఒక్క ముచ్చటతో ముగిస్తాం. రెనాల్డ్స్ తర్వాత దాదాపు వందేళ్లకు అదే ట్యాంకులో ఆయన ప్రయోగాన్ని ఇక్కడి విశ్వవిద్యాలయంలో మళ్లీ చేశారు. ఆయన సాధించిన 13,000 దాకా దారం నిలవలేదు, ముందే తెగిపోయింది. ట్యాంకు మారలేదు, నీళ్లు మారలేదు. గుర్రబ్బండ్ల కాలం పోయి మాంచెస్టర్ వీధుల్లో మోటారు వాహనాలు పెరిగాయి, ఆ అదురు చాలు నీళ్లు చెదరడానికి. ఈ సంగతి తెలిశాక సైటులో రోలరు తిరుగుతుంటే మాకు ఆ ట్యాంకే గుర్తొస్తోంది. ఎక్కడో ఒక రంగు దారాన్ని మేమూ కొంచెం వణికిస్తున్నామేమో!